ఓవెను లేని ఇళ్ళకూ ఇంటి పేజీ కావాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. పాతపట్నం వైపు నుంచి ఉదయం బస్సులో వచ్చే మీ పత్రికను పద్దెనిమిదేళ్ళుగా తెప్పించుకుంటున్నాను. వార్తలు నేను చదివితే, ఆదివారం నాటి ఇంటి పేజీ మా ఆవిడ చదువుతుంది. చదివాక కావలసిన ముక్క కత్తిరించి, కొట్టులో పప్పుల డబ్బాల వెనుక ఉన్న మేకుకు గుచ్చుతుంది. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. ఆదివారం మీరు అచ్చువేసినది సోమవారం పొద్దున్నకల్లా కత్తిరింపుగా మారి, ఎవరో ఒక తల్లి చేతిలో నా కొట్టు ముందుకు వస్తుంది కనుక, ఆ పేజీలో ఏది ఇళ్ళలోకి వెళుతున్నదో, ఏది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నదో నాకు బాగా తెలుసు.

"అన్నయ్యా, పార్చ్‌మెంట్ పేపరు ఉందా?" అని ఒకరు అడుగుతారు. "బాబాయ్, గ్లూ గన్ అంటే ఏమిటి, మీ దగ్గర దొరుకుతుందా?" అని చంకలో పిల్లవాడితో మరొకరు అడుగుతారు. లేదని చెబితే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకొని, పావుకిలో కందిపప్పు తీసుకొని వెళ్ళిపోతారు. ఆ మడత మళ్ళీ విప్పరని నాకు తెలుసు. అదే, నిరుడు ఒక ఆదివారం మీరు నువ్వుండలు చేసే విధానం వేసినప్పుడు, బుధవారం నాటికి నా దగ్గరి నువ్వుల బస్తా అడుగు కనిపించింది. నా వ్యాపారం కోసం రాస్తున్నానని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కొట్టువాడి లెక్కలో కొంత నిజం ఉంటుంది.

మీరు ఆ పేజీలో వేసే కేకుల మీద నాకు కోపమేమీ లేదు. ఉద్యోగాల మీద విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఉండి, ఓవెను కొనుక్కున్న చిన్న కుటుంబాలకు అవి ఉపయోగపడతాయి. అయితే మీ పత్రిక పర్లాకిమిడికి వస్తుంది, కాశీనగరం వెళుతుంది, గుణుపురం, రాయగడల్లోనూ తెలుగువారి ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఒక గ్యాసు పొయ్యి, ఒక మూకుడు, ఒక రోలో మిక్సీయో ఉంటాయి, బడి నుంచి వచ్చి సాయంత్రం ఏం చేయాలో తోచక ఇల్లు పీకి పందిరి వేసే ఇద్దరు పిల్లలుంటారు. వారిని దృష్టిలో పెట్టుకొని వారానికి ఒక్క తినుబండారం, ఒక్క చేతిపని, ఒక్క ఇంటి చిట్కా వేయవలసిందిగా కోరుతున్నాను. వేసేటప్పుడు కొలత, పద్ధతి, జాగ్రత్త అనే మూడింటినీ వదిలిపెట్టకుండా వేయాలని ఇంకా గట్టిగా కోరుతున్నాను. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

కిందటి సంక్రాంతికి ముందు ఒక తెలుగు పత్రికలో మరమరాల ఉండల గురించి వచ్చింది. మరమరాలు మా ఊళ్ళో కొదవ లేనివి. ఒడియా వారు ముఢి అంటారు, పొద్దున ఫలహారానికి కూడా అవే. "మరమరాలు తగినన్ని, బెల్లం ఒక కప్పు, పాకం వచ్చాక కలిపి పిల్లల చేత ఉండలు చుట్టించండి" అని నాలుగు వరుసల్లో ముగించారు. మా ఆవిడ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకొని మొదలుపెట్టింది. మొదటి వాయి ఉండలు సాయంత్రానికి మెత్తబడి, చేతికి అంటుకుంటూ, ఒక్కొక్క గింజగా విడిపోయాయి. పాకం చాలలేదని రెండో వాయికి ఇంకాసేపు మరిగించింది, అవి రాళ్ళయ్యాయి. మా తమ్ముడు వాటిని చూసి "వదినా, ఇవి పెరటి గోడకు పనికొస్తాయి" అన్నాడు. అంతటితో పోయేదే కానీ, చల్లారనివ్వకుండా చేయి పెట్టిన మా చిన్నదాని చూపుడు వేలి మీద పాకం పడి పొక్కింది. బెల్లం పాకం నీళ్ళ కంటే ఎక్కువ వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అంటుకొని జారిపోదు కనుక లోతుగా కాలుస్తుంది. పక్కింటివారు టూత్‌పేస్టు రాయమన్నారు. మరొకరు సిరా అన్నారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం, కాలిన వెంటనే ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచవలసిందని, మంచుగడ్డ కానీ పేస్టు కానీ పెట్టకూడదని చెప్పింది. ఆ నాలుగు వరుసల పక్కన ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఎంత బాగుండేది!

అదే వంటకాన్ని మా అమ్మ చేయించిన తీరు ఇది; మీరు వేయదలచుకుంటే ఇలా వేయండి. నాలుగు సోలల మరమరాలను ముందుగా వట్టి మూకుట్లో రెండు మూడు నిమిషాలు వేయించి, నోట్లో వేసుకుంటే కరకరలాడేలా చేసి పక్కన పెట్టుకోవాలి. ఒక సోల బెల్లం తురుముకు గిద్ద, అంటే పావు సోల, నీళ్ళు చాలు. బెల్లం కరగగానే దింపి, ఇసుక, పుల్లలు పోయేటట్టు వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకొని, మరుగుతున్న పాకాన్ని మధ్యమధ్య ఒక చుక్క అందులో వేసి చూడాలి. మొదట అది నీళ్ళలో పరచుకుపోతుంది. అది పాకం కాదు. తరువాత వేలితో కూడదీస్తే మెత్తని ముద్ద అవుతుంది. అది అరిసెలకు సరిపోతుంది, మరమరాలకు చాలదు. ఇంకొంచెం సేపటికి చిన్న గోళీలాగా గట్టిపడి, తీసి పళ్ళెం మీద వేస్తే టంగుమంటుంది. అప్పుడు పొయ్యి కట్టేసి, మరమరాలు పోసి, గరిటెతో కలిపి, చేతికి తడి చేసుకొని చూసి, భరించగలిగిన వేడి దగ్గర చుట్టాలి. మొదటి నాలుగు ఉండలు పెద్దవాళ్ళవి. పిల్లల వంతు ఆ తరువాతే. ఈలోగా గట్టిపడితే మూకుణ్ణి సన్నని సెగ మీద ఒక నిమిషం ఉంచితే మళ్ళీ లొంగుతుంది.

కొట్టువాణ్ణి కాబట్టి బెల్లం గురించి ఒక మాట అదనంగా చెప్పనివ్వండి. చూడటానికి తెల్లగా మెరిసే బెల్లమే మంచిదని మా దగ్గరకు వచ్చే చిన్న వయసు తల్లులు అనుకుంటారు. ఆ తెలుపు చాలాసార్లు హైడ్రోసు అనే రసాయనంతో వచ్చినదే. నల్లబెల్లానికి అందం లేకపోయినా రుచి ఉంటుంది. వానాకాలంలో బెల్లం గాలిలోని తేమను పీల్చుకొని చెమర్చుతుంది. అటువంటి బెల్లానికి నీళ్ళు ఇంకా తగ్గించి పోయాలి. ఉండలను కూడా బిగుతు మూత డబ్బాలోనే పెట్టాలి. మీ వంటల శీర్షికలో కాలం మాట ఎందుకు రాదో నాకు అర్థం కాదు; జనవరిలో కుదిరిన పాకం జూలైలో కుదరదు.

పాకం పట్టే పని లేనివి కూడా మనకు ఎన్నో ఉన్నాయి, అవి పిల్లలకు ఇంకా క్షేమం. నాగులచవితికి చేసే చిమ్మిలి చూడండి: వేయించి చల్లార్చిన సోల నువ్వులకు మూడు గిద్దల బెల్లం తురుము కలిపి రోట్లో దంచితే, నువ్వుల నూనె తగిలి తనంతట తానే ముద్దకడుతుంది. వేయించడం తల్లి చేస్తే, దంచడం, చుట్టడం పిల్లలు చేస్తారు. చలిమిడి కూడా అంతే. మా జిల్లాలో చోళ్ళకు, అంటే రాగులకు, ఇప్పుడు కొంత గౌరవం వచ్చింది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టిన తరువాత, మాండియా పేరుతో పట్నం కొట్లలో కూడా ఆ పిండి కనిపిస్తున్నది. వేయించిన చోడిపిండి, బెల్లం, కాస్త నెయ్యి కలిపి చేసే ఉండను బిస్కట్టుకు బదులు ఇవ్వవచ్చునని మీ పేజీలో నేను ఇంతవరకు చూడలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం ప్రతిసారీ అచ్చువేయాలి: ఐదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకూడదు, పొడిగా దంచి కలపాలి, గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక పిల్లల చదువు సంగతి. మీ పేజీని నేను ఇంత పట్టుకొని వేలాడటానికి అసలు కారణం ఇదే. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, వారపు సంతలో ఇక్కడి గిరిజనుల సవర భాష మాటలు నాలుగు నేర్చుకుంటారు. పెద్దది మూడో తరగతి. ఒడియా అక్షరాలు గుండ్రంగా చక్కగా రాస్తుంది. తెలుగు అక్షరాలు మాత్రం బడి నేర్పలేదు, మేమే నేర్పాలి. వాచకం తెచ్చి ముందు పెడితే ఆవలిస్తుంది. అదే మేకుకు గుచ్చిన ముక్కలో ఉండలు ఎలా చేయాలో ఉన్నదని తెలిస్తే, తనంతట తాను పీట వేసుకొని కూడబలుక్కుంటుంది. ఒకసారి అలా చదువుతూ, "నాన్నా, ప్రీహీట్ అంటే ఏమిటి?" అని అడిగింది. ఆ మాట తెలుగు లిపిలో ఉన్నది కనుక తనకింకా రాని తెలుగు మాటే అనుకున్నది పాపం. "ముందుగా వేడిచేయడం" అని చెబితే, "మరి అలాగే రాయవచ్చు కదా" అన్నది. ఆ ప్రశ్నను నేను మీకు దాఖలు చేస్తున్నాను.

ఆ పిల్ల చేత తెలుగు అక్షరాలు రాయించిన చేతిపని ఒకటి ఉన్నది, అది ఖర్చు లేనిది. ఒక చెంచా పసుపును కొద్ది నీళ్ళలో కలిపి, నోటుపుస్తకం కాగితానికి రెండు వైపులా పట్టించి నీడలో ఆరబెట్టాలి. బట్టల సబ్బు ముక్కను అరగిన్నె నీళ్ళలో కరిగించి, చీపురు పుల్ల చివర దూది చుట్టి, దానితో ఆ పసుపు కాగితం మీద రాస్తే అక్షరం ఎర్రగా లేస్తుంది. హారతి పళ్ళెంలో పసుపు నీళ్ళకు సున్నం తగిలి ఎర్రనీళ్ళు కావడం మనందరం చూసినదే. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే తిరిగి పచ్చబడుతుంది. కనుక నిమ్మచెక్కతో రుద్దితే రాసిన తప్పు చెరిగిపోతుంది. మా పెద్దది మొదటి రోజు తన పేరు రాస్తూ, సగం తెలుగులోనూ సగం ఒడియాలోనూ రాసి, చూసి తానే నవ్వి, నిమ్మచెక్క అందుకున్నది. ఆ వారం అచ్చులన్నీ వచ్చాయి. 'ఋ' దగ్గర మాత్రం రెండు నిమ్మకాయలు అయిపోయాయి. సున్నం తేటతో ఇంకా బాగా ఎర్రబడుతుంది కానీ, కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల చేతికి సబ్బునీళ్ళే ఇవ్వాలి.

మా ప్రాంతానికే చెందిన మరో చేతిపని గురించి వివరంగా రాయాలని ఉన్నది, ఎందుకంటే దానిని ఏ తెలుగు పత్రికలోనూ నేను చూడలేదు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా కుటుంబాల వారు మహేంద్రతనయ నది ఒడ్డుకు చిన్న చిన్న పడవలు తెచ్చి, దీపం, తాంబూలం పెట్టి నీటిలో వదులుతారు. పూర్వం ఇక్కడి వర్తకులు ఓడలెక్కి జావా, బాలి, సుమత్రాల వైపు వెళ్ళిన దానికి గుర్తుగా దీనిని బొయితొ బందాణొ అంటారు. దాదాపు పదహారు రోజులకు, కార్తీక అమావాస్య మరునాటి పోలి పాడ్యమి నాడు, మన ఆడవాళ్ళు అరటి దొప్పలలో దీపాలు వెలిగించి పోలిని స్వర్గానికి పంపుతారు. అదే నది, అదే అరటి దొప్ప. మా పక్కింటి మావుసీ మా పిల్లలకు పడవ కట్టడం నేర్పితే, మా అమ్మ వాళ్ళ పిల్లలకు దొప్పలో ఒత్తి నిలబెట్టడం నేర్పింది. రెండు పండుగలకూ ఒకే చేతిపని సరిపోతుంది.

చేసే విధానం ఇది. గెల కోసిన తరువాత రైతులు అరటి బోదెను పారేస్తారు. దాని పై పొరలలో చిరుగులు లేని దొప్ప ఒకటి విడదీసి, మూరెడు పొడవున కోయాలి. అప్పటికప్పుడు వంచితే విరుగుతుంది. ఒక రాత్రి నీడలో పడవేస్తే కాస్త వాడి, చెప్పినట్టు వంగుతుంది. గుంట భాగం పైకి ఉండేలా పట్టుకొని, రెండు కొసలనూ ఆ పక్కా ఈ పక్కా దగ్గరకు లాగి, కొబ్బరి ఈనెలు రెండేసి గుచ్చితే పడవ ముక్కులు రెండూ లేస్తాయి. మధ్యలో అడ్డంగా ఒక ఈనె గుచ్చితే దొప్ప మూసుకుపోదు. నిలువుగా మరో ఈనె గుచ్చి దానికి రంగు కాగితం తెరచాప పెట్టుకోవచ్చు. దీపం మాత్రం ఆ తెరచాపకు బెత్తెడు దూరంలో ఉండాలి. మా మొదటి పడవ గట్టు దాటకుండానే తెరచాప అంటుకుంది, పిల్లలకు అదే పెద్ద వేడుక అయింది. ప్రమిద బరువైతే పడవ ఒరుగుతుంది కనుక తడి బియ్యప్పిండితో చిన్న ప్రమిద చేయడం మేలు. దీపం వెలిగించడం, నీటి దగ్గర వంగడం పెద్దల పని. ఇప్పుడు సంతలో థర్మోకోలు పడవలు రంగులు వేసి అమ్ముతున్నారు. అవి నదిలో కుళ్ళవు, ముక్కలై చేపల నోట పడతాయి. నేనూ ఒక ఏడాది తెచ్చి అమ్మాను, తరువాత మానేశాను.

ముగ్గుల విషయంలోనూ ఇటువంటి పొత్తు ఉన్నది. మనం ధనుర్మాసంలో పొడి పిండితో వేస్తే, ఒడియా వారు మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజకు బియ్యం నానబెట్టి రుబ్బిన తడి పిండితో వేళ్ళతో ఝోటి వేస్తారు. చిన్న పిల్లలకు తడి పిండే సులువు, వేలు ముంచి గీయడమే కదా. వేసవిలో ముంజకాయలు తిన్నాక మిగిలే బుర్రలతో బండి, కొబ్బరాకుతో బూర, చేతి గడియారం, ఇవి పల్లెటూరి తాతలు ఇప్పటికీ చేస్తున్నారు. ఒక ఫొటో వేసి నాలుగు వాక్యాలు రాస్తే చాలు, పట్నంలో పెరిగిన చిన్న తండ్రులు కూడా నేర్చుకుంటారు.

మీ పత్రికతో చేసే సంచుల గురించి కూడా చెప్పాలి. పాత పేపరు మడిచి, మైదా ఉడికించిన జిగురుతో అంటించి సంచులు చేయడం పిల్లలకు మంచి కాలక్షేపం. అయితే ఆ జిగురు పాడవకుండా, పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఇంట్లో పిల్లలు చేసే జిగురులో కలపకూడదు. ఏ రోజు జిగురు ఆ రోజు చేసుకొని మిగిలినది పారవేయాలి. ఆ సంచులలో పుస్తకాలు, గాజులు, రిబ్బన్లు పెట్టుకోవాలే తప్ప తినే వస్తువులు పెట్టకూడదు. వేడి పకోడీల నూనెకు అచ్చు సిరా కరిగి తిండిలోకి దిగుతుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకింగ్ నిబంధనలలో వార్తాపత్రికలను ఆహారం చుట్టడానికి వాడరాదని స్పష్టంగా చెప్పింది. నేను కూడా చాలాకాలం మీ పత్రికతోనే పొట్లాలు కట్టిన పాపాత్ముణ్ణే. ఇప్పుడు సవర ఆడవాళ్ళు సంతకు తెచ్చే అడ్డాకులు కొంటున్నాను. రెండు ఆకులు కలిపి వెదురు పుల్లతో కుట్టే దొన్నె మా పెద్దది ఒక్క పూటలో నేర్చుకున్నది.

చిట్కాల శీర్షికపై నాకు నిజంగా భయం ఉన్నది. రెండు వరుసల చిట్కాలో పెద్ద ప్రమాదం దాగి ఉండవచ్చు. చంటిపిల్లల బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయమని ఒక చోట చదివాను. నేను ఆ ఉండలు అమ్మినవాణ్ణే. అవి తెల్లగా పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి, పిల్లలు నోట్లో వేసుకుంటారు. అంతకంటే ముఖ్యమైనది, పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపించిన పిల్లలకు ఆ నాఫ్తలీను వాసన, ఆ బట్టలు తగిలినా ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల వారిలో ఈ లోపం ఎక్కువ, మా కొండ ప్రాంతాలలో మలేరియా కొత్తది కాదు. ఎండిన వేపాకు, వట్టివేళ్ళు గుడ్డలో మూటకట్టి పెడితే చాలు. అలాగే స్నానాల గది తెల్లబడటానికి బ్లీచింగు పొడిలో యాసిడ్ కలపడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో ఊపిరి ఆడదు. వంటసోడా, వెనిగరు కలిపి శుభ్రం చేయమనే చిట్కాతో ప్రమాదం లేదు కానీ ప్రయోజనమూ తక్కువే. ఒకదాన్ని ఒకటి చంపుకొని, నురగ పొంగడం తప్ప ఏమీ మిగలదు. ఇత్తడి చెంబుకు చింతపండు చాలు, పులుపే చిలుమును కరిగిస్తుంది. కందిపప్పుకు ఆముదం, బియ్యానికి వేపాకు మా కొట్టులో ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయమనే మాట కూడా అప్పుడప్పుడు అచ్చులో వస్తున్నది. ఆచారమే అయినా, ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఆ లేత పేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. విరేచనాలకు ఉప్పు, పంచదార నీళ్ళు రాసినప్పుడు "చెంచా" అని ఊరుకోకండి. మా ఇళ్ళలో చెంచా అంటే కాఫీ చెంచా నుంచి కూర వడ్డించే చెంచా దాకా ఏదైనా కావచ్చు. లీటరు మంచినీటికి ఐదు మిల్లీలీటర్ల చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని అంకెలతో వేయాలి; ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే మేలని కూడా చేర్చాలి.

కొలతల మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, తూకం నా వృత్తి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అనేది మా నాయన నాకు నేర్పిన మొదటి ఎక్కం. ఈనాటి పిల్లలకు అవి రాకపోతే కిలోలు, గ్లాసులు అనండి, ఫరవాలేదు, కానీ "తగినంత" అనకండి. తగినంత అంటే ఎంతో తెలిసిన వారికి మీ పేజీ అవసరమే ఉండదు. ప్రజలు వాడే మాటే అచ్చులోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పారు, ఇక్కడి సవరల భాష నేర్చుకొని దానికి పుస్తకాలు రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్ళిపోయారు. మేము ఇక్కడే ఉన్నాము. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతూ మీరు ఏటా ప్రత్యేక పేజీలు వేస్తారు. ఆ పేజీలలో ఉపన్యాసాలు రెండు తగ్గించి, పెద్ద అక్షరాలతో, ఎనిమిదేళ్ళ పిల్ల కూడబలుక్కొని చదవగలిగేటట్టు, పసుపు కాగితం వంటిది ఒకటి వేస్తే మా ఇళ్ళలో అది మేకుకు ఎక్కుతుంది.

ఇంకొక మనవి కూడా ఉన్నది. కార్తీక పౌర్ణమికి ముందు వచ్చే ఆదివారం అరటి దొప్ప పడవ గురించి వేయగలరా? చిత్రం గీయడానికి మీ వారికి నమూనా కావాలంటే, వాడిన దొప్పతో చేసిన పడవను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపుతాను. మీరు ఆ పేజీ వేసిన వారం, తోటల నుంచి బోదెలు తెప్పించి నా కొట్టు అరుగు మీద పెడతాను. తెలుగు పిల్లలైనా ఒడియా పిల్లలైనా ఎవరికి కావలసినన్ని దొప్పలు వాళ్ళు తీసుకుపోవచ్చు. కొబ్బరి ఈనెల కట్ట కూడా అక్కడే ఉంచుతాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.